బావగారి నీలం కోట్లు

పొద్దున్న అమలాపురంలో కళ్ళ డాక్టరుగారు నా రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి, "శుక్లాలు బాగా ముదిరేయండి, ఇంక వాయిదా వెయ్యకండి" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అని వచ్చేశాను. భయమేమీ లేదు, విసుగే. ఈ వయసులో ఒక్కో అవయవం కోసం ఒక్కో డాక్టరు దగ్గర వరసలో కూర్చోవడంతోనే రోజులు వెళ్ళిపోతున్నాయి. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం మా బావగారూ, ఆయన శుక్లాల ఆపరేషనూ, ఆ తర్వాత జరిగిన యుద్ధమూ గుర్తొచ్చాయి.

బావగారంటే మా అక్క భర్త. కొత్తపేటలో లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరైనవాళ్ళు మామూలుగా గుళ్ళూ గోపురాలూ పట్టుకు తిరుగుతారు. ఈయన నెపోలియన్ కాలంనాటి సిపాయిలను పట్టుకున్నారు. బొటనవేలి కణుపంత లోహపు బొమ్మలు. ఆనాడు ఏ పటాలానికి ఏ రంగు కాలరో, కోటుకు ఎన్ని గుండీలో పుస్తకాలు చూసి, అచ్చం అలాగే రంగులు వెయ్యాలి. వేశాక రెండు సైన్యాలనూ బల్లమీద మోహరించి, పాచికలు వేస్తూ, టేపుతో కొలిచి నడిపిస్తూ యుద్ధం ఆడాలి. ఆ ఆట ఆశ చూపించే నన్ను ఇందులోకి లాగారు. తాను పుట్టింది యానాంలో కాబట్టి ఫ్రెంచి సైన్యం ఆయన తీసేసుకున్నారు. ఎర్రకోట్ల ఇంగ్లీషువాళ్ళు నా నెత్తిన పడ్డారు.

ఏళ్ళ తరబడి నా ఆదివారాలన్నీ వాళ్ళ వసారాలోనే గడిచాయి. కుంచెకు లొంగని గుండీలకు కొబ్బరి ఈనె మొనతో చుక్కలు పెట్టేవాళ్ళం. వర్షాకాలంలో రంగు ఓ పట్టాన ఆరేది కాదు. "ఈ ముసురుకి నా అప్పడాలే ఆరట్లేదు, మీ సిపాయిలు ఆరతారేంట్రా" అని అక్క వెక్కిరించేది. నాకేమో ఆట మీదే ధ్యాస. "ఇంక ఆడదామండీ బావగారూ" అనడం ఆలస్యం, ఆయన ఇంకో పుస్తకం తెప్పించేవారు. అందులో కోటు చేతి అంచుపట్టీ రంగు ఇంకోలా ఉండేది. దాంతో ఒక పటాలం పటాలమే రంగు కరిగించే థిన్నరు సీసాలో మునిగి, దిసమొలగా పైకి తేలేది. "తప్పు రంగేసుకుని యుద్ధానికెళ్తే పరువేం గానోయ్?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది కానీ, మళ్ళీ ఆదివారం వచ్చేసరికి వెళ్ళేవాణ్ణి.

ఆయనకు కళ్ళ ఆపరేషనయ్యాక నేను వెళ్ళేసరికి బావగారు బీరువా తలుపులు తీసుకుని నిలబడి ఉన్నారు. ముదురు నీలంగా ఉండాల్సిన ఫ్రెంచి కోట్లన్నీ నీలిమందు ఎక్కువైన పంచెల్లా ఉన్నాయి. నాకవి ఎప్పుడూ అలాగే కనిపించేవి, పుస్తకంలో అలాగే ఉంది కాబోలనుకునేవాణ్ణి. పొర కమ్మిన కళ్ళకు చాలక, ఆయన ఏటికేడూ ఇంకాస్త నీలం కలుపుతూ వచ్చారన్నమాట.

"ఇంత గాటు నీలం నేనేసేనా?" అన్నారు.

"ఆయ్, మీరే వేసేరండి."

థిన్నరు సీసా బయటికొస్తుందనే అనుకున్నాను. ఆయన మాత్రం కుర్చీలో కూలబడి, "మళ్ళీ మొదలెట్టే ఓపిక లేదోయ్. ఈవేళ ఆడేద్దాం. భోజనాల బల్ల ఖాళీ చెయ్యమని మీ అక్కతో చెప్పు" అన్నారు.

అంత కాలం కలలుగన్న ఆట ఒక మధ్యాహ్నంలో ముగిసింది. నా ఎర్రకోట్లు ఆయన ఎడమ పక్కను తుడిచిపెట్టేస్తుంటే, ఆయన ఒక సిపాయిని కిటికీ వెలుగులో తిప్పి చూసుకుంటూ కూర్చున్నారు. మీ వంతండీ అని రెండుసార్లు గుర్తుచేశాను.

"ఓడిపోయేన్లే" అన్నారు. చేతిలో సిపాయిని బల్లమీద నిలబెట్టి, "ఆడేస్తే అయిపోతుంది కదోయ్, అందుకే..." అన్నారు.

నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్ళూ నన్ను ఊరించినందుకు ఏదో అనబోయాను. ఆయన ముఖం చూసి, పాచికలు ఏరి డబ్బాలో వేశాను.

ఆ తర్వాత ఆయన కుంచె పట్టలేదు. నేను ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను, ఆయన పోయేదాకా. ఇద్దరం వసారాలో ఊరికే కూర్చునేవాళ్ళం. పని మిగిలి ఉన్నన్నాళ్ళూ, కాలం కూడా మా కోసం మిగిలే ఉందనుకున్నాం.