ఐదడుగుల అమ్మవారు

నా పేరు ప్రభుదాసు. నంద్యాలలో నాకొక వెల్డింగ్ షాపు ఉంది. రోజుకు మూడుసార్లు నేను ఫోన్లో తిట్టే మనిషి ఒకతి ఉంది, పేరు హేమలత. మేమిద్దరం కలిసి ఆళ్లగడ్డ శిల్పులకు రాయి చెక్కే యంత్రం చేసిచ్చాం. ఇనుప చట్రం నాది, నడిపే ప్రోగ్రాము ఆమెది. ఆ యంత్రం ఇప్పుడు చీటికీమాటికీ ఆగిపోతుంది. అంకె ఏమాత్రం తేడా అనిపించినా ఆమె ప్రోగ్రామే అరిచి ఆపేస్తుంది. శిల్పులు నన్ను తిడతారు, నేను ఆమెను తిడతాను. "అరవనీలే అన్నా" అంటుంది, అంతే. ఎందుకంటుందో నాకు తెలుసు. తెలిసీ తిడతాను, నా నోరు అలాంటిది.

హేమలతది నంద్యాలే. వాళ్లమ్మ రంగమ్మ బియ్యం మిల్లులో చెరిగే పనికి పోయి కూతుర్ని పాలిటెక్నిక్ చదివించింది. ఆ తర్వాత హేమలత బెంగళూరులో మూడేళ్లు ఉద్యోగం చేసింది. కంపెనీ మూతపడితే తిరిగొచ్చి మా వీధిలోనే గది తీసుకుంది. మాట తక్కువ. పని పట్టుకుంటే మాత్రం ఉడుంపట్టు.

ఆ యంత్రం అసలు కాశీవిశ్వనాథం ఆచారి కోసం చేశాం. యాభై ఏళ్లు రాతిదుమ్ము పీల్చి ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఉలితో పది దెబ్బలు కొడితే పదకొండోది దగ్గే. రోజుకు నాలుగుసార్లు ఇన్‌హేలర్ పీలిస్తేనే మనిషి నిలబడతాడు. యంత్రం మోటు పని చేసిపెడితే, ముక్కూ పెదవులూ కళ్లూ ఆయన చేత్తో తీర్చుకుంటాడు. మట్టితో చిన్న బొమ్మ చేసిస్తే హేమలత దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. శిల్పులు మొగాన్ని బట్టి ఒళ్లంతా కొలుస్తారు కాబట్టి, మొగం ఎంతుండాలో ఆయన యంత్రంలో నొక్కితే మిగతాదంతా అదే పెరుగుతుంది.

మూడేళ్ల కిందట ప్రోగ్రాము రాస్తున్నప్పుడు ఆమె ఒక సంగతి చెప్పింది. కంపైలర్ అంటే రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది. దానికి కాపలా ఒకటి ఉంటుంది, పేరు శానిటైజర్. "చేతులకు పూసుకునేదా?" అన్నాను. నవ్వింది. ప్రోగ్రాములో ప్రతి అంకెకూ ఇంతే చోటని ఉంటుందట. మా చిన్న బోర్డులో, మిల్లీమీటరుకు ఇరవై లెక్కన దూరం రాసుకునే చోట, ముప్పై రెండు వేల ఏడువందల అరవై ఏడు దాకానే పడుతుంది. ఇంకొకటి కలిపితే, పాత ఆటో మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నాలకు వచ్చినట్టు తిరగబడుతుంది. ఇక్కడ ఇంకా అన్యాయం, సున్నాకు కాదు, అంత పెద్ద మైనస్‌కే పోతుంది. యంత్రం కిక్కురుమనదు, ఆ తప్పు అంకెనే నమ్మి నడుస్తుంది. అందుకని శానిటైజర్ పెట్టి ప్రోగ్రామును ముందు లాప్‌టాప్‌లో నడిపిస్తారు. అంకె పొంగిన చోటల్లా, ఫలానా వరుసలో తప్పు అని అది అరుస్తుంది.

పోయిన ఏడు ఆచారి తమ వీధి కాళికాంబ గుడికి మూలవిగ్రహం ఒప్పుకున్నాడు. ఇదే ఆఖరిదన్నాడు. రాయి ఇరవై ఏళ్లుగా దాచిపెట్టుకున్నది. కొడితే కంచులా మోగే ఆడశిల, దేవతకు అదే చెక్కాలట. దీక్ష పట్టి ఒంటిపూట తింటూ, పూజ అయ్యాకే షెడ్డులో అడుగుపెట్టేవాడు.

చెక్కడం మొగం దాకా వచ్చిన పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. రాయి వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. యంత్రం పీఠం నుంచి మొదలుపెట్టి పాదాలు, నడుము, గొంతు దాటి నుదుటికి వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగినట్టయింది. తిరిగే బిట్టు ఉన్నట్టుండి పాదాల వైపు వెనక్కి ఉరికింది. ముక్కును, పెదవులను, గడ్డాన్ని గీరుకుంటూ పోయింది. నేను వైరు పీకేసరికి గుండెల దాకా గాడి పడింది.

ఆచారి దగ్గరికొచ్చి ఆ మొగం మీది పొడి ఊదాడు. పొడి కింద మొగం లేదు. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదని క్రైస్తవుణ్ణయిన నాకే తెలుసు, ఆయనకు తెలియదా?

"పొద్దున ఊపిరాడకుంటే పూజకు ముందే మందు పీల్చినా," అన్నాడు. "ఎంగిలి నోటితో వచ్చినా. అమ్మ మొగం జూపీననింది."

ఇన్‌హేలర్ తీసి రాతిపెళ్లల గుట్టలోకి విసిరేశాడు. ఇక ముట్టనన్నాడు. భార్య మహానందమ్మ కాళ్లు పట్టుకుంది. డాక్టరు వచ్చి, ఇట్లయితే వారం కూడా కష్టమన్నాడు. నా ఫోన్‌కు పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డ హేమలత మొహం చూడలేకపోయాను.

ఆ సాయంత్రం బస్సులో నంద్యాల వస్తూ ఆమె ఒకటే మాట అంది. "కారణం దొరకాలన్నా. దొరికితేనే తాత మందు ముడతాడు."

మర్నాడు అమ్మవారి బొమ్మ మొత్తం శానిటైజర్ పెట్టి లాప్‌టాప్‌లో నడిపింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్క అరుపూ లేదు. మళ్లీ నడిపింది. లేదు. అంకెల్లో తప్పు లేదనుకొని నా వైపు చూసింది. ఆ చూపు నాకు కాలింది.

"ఏందిమ్మే, నా చట్రం మింద పెడతాండావా?" అన్నాను.

పౌరుషం కొద్దీ ఆళ్లగడ్డ పోయి చట్రం మొత్తం ఊడదీశాను. రెండు రోజులు పట్టింది. ఒక్క బోల్టు కూడా వదులు లేదు. లోపలి గదిలో ఆచారి ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఫోన్ చేసి ఆమెకు చెప్పాను. "ఆయప్ప రేపటికి ఉంటాడో ల్యాదో. నీ లెక్కే చూసుకో."

తర్వాత ఆమె చెప్పింది, ఆ ఫోన్ పెట్టేశాక ప్రోగ్రామును వరుస వరుసా వేలు పెట్టి చదివిందట. దూరం లెక్కకట్టే చోట, దాని నెత్తిన చిన్న ముక్క కనిపించింది. ఈ భాగాన్ని శానిటైజర్ చూడనక్కరలేదు అని రాసి ఉంది. రాసింది ఆమే. అంతకు రెండేళ్ల ముందు శానిటైజర్ అక్కడ అరిచింది. అప్పుడామె ఆచారికి ఫోన్ చేసి, అన్నిటికన్నా పెద్ద విగ్రహం ఎంతెత్తు అని అడిగింది. ఐదడుగులన్నాడు. ఆ అంకె పొంగేది ఐదడుగుల నాలుగున్నర అంగుళాలకు. అంత ఎత్తే రానప్పుడు ఇదెందుకు అరవాలని దాని నోరు మూసేసింది. ఇప్పుడు ఆ ముక్క తీసేసి నడిపితే, సరిగ్గా నుదుటి దగ్గర అరిచింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆచారి మంచం పక్కన నేల మీద కూర్చుంది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఆయన పెదవులు నల్లబడ్డాయి.

"తాతా, అమ్మ నిన్ను కాదన్ల్యా. తప్పు నాది," అని అంకె ఎలా పొంగుతుందో, పొంగితే అరిచే కాపలా ఏదో చెప్పింది. ఆయన కళ్లు మూసుకొనే విన్నాడు.

"మరి అది... చెప్పల్యాదా నీకు?"

"చెప్పింది తాతా. రెండేండ్ల కిందనే అరిచింది. నేనే నోరు మూయించినా."

అక్కడితో ఆపింది. ఆయన చెప్పిన ఐదడుగుల సంగతి ఎత్తనేలేదు. మొత్తం తనమీదే వేసుకుంటోందని నాకు అర్థమయింది. కానీ ఆచారి కొలతల్లో పుట్టి పెరిగిన మనిషి.

"ఎంతకు... పొంగుతాది?"

ఆమె మంచం కోడును గోటితో గీకింది.

"చెప్పు పాపా."

"ఐదడుగుల నాలుగున్నర."

"అమ్మ ఐదడుగులే గదా," అన్నాడు. కళ్లు తెరిచాడు. "పీఠం అరడుగు. పైన కిరీటం అడుగు." దగ్గు తెర వచ్చి పోయేదాకా ఆగాడు. "మేం కాలి నుంచి నుదుటి పైన తలకట్టు దాకానే కొలుస్తాం. పీఠమూ కిరీటమూ లెక్కలోకి రావు. నువ్వడిగినావు. నేను మా లెక్క జెప్పినా."

"లేదు తాతా, నేనే..."

"ఊరుకో. నీది సగం, నాది సగం." ఆమె తల మీద చెయ్యి వేయబోయాడు, చెయ్యి అంత దూరం పోలేదు. "అమ్మది మాత్రం ల్యా."

అప్పుడు ఏడ్చింది హేమలత. అంతదాకా ఆమె ఏడవగా నేను చూడలేదు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

ఆచారి తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. "మహానందమ్మా, ఆ మందు గొట్టం... యాడ పడిందో వెతుకు."

నేను పెళ్లల గుట్ట దగ్గరికి పరిగెత్తబోయాను. మహానందమ్మ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. మంచం దగ్గరికొచ్చి కొంగు ముడి విప్పింది. నాలుగు రోజులుగా ఆ గొట్టం అక్కడే ఉంది.