ఎండలో మెయిలు కనిపించే ఫోను

జనగామలో మట్టి పరీక్షలు చేసే ఒక చిన్న సంస్థలో నాది ఊళ్లు తిరిగే ఉద్యోగం. భూపాలపల్లి నుంచి గూడూరు దాకా రైతుల చెలకల్లో మట్టి తీసి, సంచుల్లో కట్టి తెస్తాను. మా సార్‌కు మట్టికంటే మెయిలు ముఖ్యం. బయట తిరిగేవాళ్లు గంటలోపు జవాబివ్వాలి. భూపాలపల్లిలో నా ఫోను రెండుసార్లు మధ్యాహ్నానికే చచ్చిపోయి, రెండు మెయిళ్లు అలాగే ఉండిపోయాయి.

"ఇంకోసారి గిట్లయితే నీ జాగల వేరేటోన్ని పెడ్త," అన్నారు సార్. ఆయన ఏ మాట మీదా నిలబడరు, ఇలాంటి మాటల మీద తప్ప.

అందుకే మర్నాడు గూడూరు వెళ్తూ మహబూబాబాద్‌లో దిగి ఒక ఫోన్ల దుకాణంలోకి వెళ్లాను. దుకాణం భాయ్‌ది నింపాది మాట.

"ఏం పనికి తమ్మీ?"

"ఆఫీస్ మెయిల్ చూడనీకి."

"ఏడ కూసోని చూస్తవ్?"

"కూసునుడేంది భాయ్, చెలకల నిలబడి చూస్త."

ధర చెప్పకుండా ప్రశ్నలడిగే వ్యాపారి మీద నాకు నమ్మకం తక్కువ. నేను వేలు పెట్టి చూపించిన సన్నటి, మెరిసే ఫోనునూ, తాను ఎంచిన లావుపాటి ఫోనునూ తీసుకుని, నన్ను రోడ్డు మీది ఎండలోకి నడిపించాడు.

"చదువు."

సన్న ఫోనులో నా మొహం తప్ప ఏమీ కనిపించలేదు. అది నాకు ముందే తెలిసిన సమాచారం. లావు ఫోనులో ప్రతి అక్షరం కనిపించింది.

"గిదే తీస్కో. సస్త. బ్యాటరీ రెండు దినాలొస్తది."

తక్కువ ధరది అంటగట్టే మనిషిని అంతవరకు చూడలేదు. దొంగ ఫోనేమో అనుకున్నాను. బిల్లు అడిగితే ఇచ్చాడు. డబ్బా మీది గుర్తింపు నంబరు, ఫోనులోని నంబరు, బిల్లు మీది నంబరు పోల్చాను. మూడూ కలిశాయి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

"మెయిల్ ఈడనే పెట్టి చూస్కో తమ్మీ, జర నిమ్మలముంటది."

దొరికాడు! పాస్‌వర్డ్ చూడాలని ఇంతసేపూ నాటకం. "నేను చెలక కాడ పెట్టుకుంట," అని, ధరలో కొంత తగ్గించుకుని నా పాత ఫోను అతనికే ఇచ్చేశాను. సిమ్ తీసుకున్నాను, దుకాణం వైఫై మీద ఫొటోలు కొత్త ఫోనులోకి మార్చుకున్నాను, లాక్ తీశాను. "లోపలిదంత సాఫ్ చేసి పో," అన్నాడు. "బస్సు పోతది, నువ్వే చెయ్యి," అని పరుగెత్తాను.

గూడూరు అవతల పత్తి చేలో మట్టి తవ్వుతుంటే సార్ ఫోన్ చేశారు.

"మెయిల్ పంపిన. గంటల జవాబు రావాలె."

"అండ్ల ఏమున్నది సార్?"

"అది మెయిల్ల చూడు," అని పెట్టేశారు.

కొత్త ఫోనులో పాస్‌వర్డ్ కొట్టాను. అది నన్ను నమ్మలేదు. ఇది మీరేనా, అయితే పాత ఫోనులో 'అవును' అని నొక్కండి అంది. పాత ఫోను మహబూబాబాద్‌లో, భాయ్ టేబుల్ మీద. నాకంటే అనుమానం ఎక్కువున్నదాన్ని మొదటిసారి చూశాను. అటూ ఇటూ కెలికేసరికి ముప్పావుగంట పోయింది. చివరికి బిల్లు మీదున్న దుకాణం ఫోను నంబరుకు చేశాను.

"భాయ్, నా పాత ఫోన్ల ఏదో అడుగుతది, జర 'అవును' అని ఒత్తు."

"ఎవరు నువ్వు?"

"పొద్దుగాల ఫోన్ కొన్న గద!"

"అందరు గట్లనే చెప్తరు. గిది ఒత్తు, గది ఒత్తు అని రోజు వస్తయ్ గిసోంటి ఫోన్లు."

"నా కొలువు పోతది భాయ్!"

"గిది సుత చెప్తరు. నిషాని ఏమన్న చెప్పు."

నా గురించి గొప్పగా చెప్పుకునే గుర్తు ఒక్కటీ తట్టలేదు. "నంబర్లు కలిసినయా లేదా అని రెండుసార్లు చూసిన," అన్నాను.

"మూడుసార్లు," అన్నాడు భాయ్. "నువ్వే." నొక్కాడు.

మెయిలు తెరుచుకుంది. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. 'బయట ఉన్న సిబ్బందికి: ఈ మెయిలు అందినట్లయితే, అందినదని తెలుపగలరు.'

అందిందని తెలిపాను. ఉద్యోగం నిలిచింది.

భాయ్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "తమ్మీ, పాస్‌వర్డ్ నేను చూస్తననే గద ఈడ పెట్టలేదు?"

నేను మట్టి సంచి మూతి కట్టడం మొదలుపెట్టాను.

"నీ మెయిల్ మొత్తం నా ముంగట తెరిచే ఉన్నది."

"సాఫ్ చెయ్యి భాయ్. నీ మీద నాకు నమ్మకమున్నది."

"నీ మీద నాకు లేదు. రేపొచ్చి మెయిల్ చూసినవని నా మీద పడ్తవ్. వీడియో కాల్ చేస్తున్న, చూడు."

పత్తి చెట్ల మధ్య నిలబడి, నా పాత ఫోను తనను తాను తుడుచుకుని, ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు, ఏ భాష కావాలో ఎంచుకోమనేదాకా చూశాను. అక్కడ భాయ్, ఇక్కడ నేను, రెప్ప వేయకుండా.