హన్మయ్య అడిగిన పులుసు

నాచారంలో నల్లాల హన్మయ్య అంటే చిల్కానగర్ దాకా తెలుసు. జనగామ వైపు నుంచి వచ్చి, ఫ్యాక్టరీలో పైపులు బిగిస్తూ పని నేర్చి, సైకిల్‌కు పానాల సంచి తగిలించుకుని సొంతంగా తిరగడం మొదలుపెట్టాడు. అతనికి అన్నం పెట్టింది బోరు నీళ్లే. ఆ నీళ్లలోని ఉప్పు పేరుకుని ఏ నల్లా అయినా ఆరు నెలలకు కారాల్సిందే.

1989 ఎండాకాలంలో ఆ నీళ్లే అతని మీద పగబట్టాయి. విశ్వనాథం ఇంట్లో వంటింటి నల్లాకు నెలలో మూడుసార్లు వాషర్ మార్చాడు. మూడుసార్లూ కారింది. విశ్వనాథం ప్రయోగశాల ఉద్యోగి, పైగా కాలనీ సంఘం కార్యదర్శి.

“ఈ కుళాయి మళ్లీ కారిందంటే కాలనీకి వేరే మనిషిని పెడతాం హన్మయ్యా,” అన్నాడు.

అంటే చేజారేది నలభై ఇళ్ల పని.

హన్మయ్య నల్లా ఊడదీసి, పెరటి గుమ్మంలో కూర్చుని లోపల వేలు పెట్టి చూశాడు. వాషర్ ఆనే చోట ఉప్పు గరుకుగా గడ్డకట్టింది. కొత్త రబ్బరును అదే కోసేస్తోంది.

“నల్లా మంచిగనే ఉన్నది సార్. మీ నీళ్లకే పండ్లున్నయ్. వాసర్‌ను నముల్తున్నయ్!”

ఆ ఉప్పు కరగాలంటే చింతపండు పిసికిన రసం కావాలి. హన్మయ్య ఊళ్లో దాన్ని పులుసంటారు. “అమ్మా, జర పులుసియ్యున్రి, గిన్నెల,” అని కేకేశాడు.

విశ్వనాథం భార్య సూర్యకళది కాకినాడ. ఆవిడకు పులుసంటే అన్నంలో కలుపుకునేది. పాపం ఆకలేసిందనుకుని కంచంలో అన్నం, పెద్ద గిన్నెలో పొగలు కక్కే సొరకాయ పులుసు తెచ్చి పెట్టింది.

“కడుపునిండా తినవయ్యా. మొహమాటమెందుకు!”

కాదంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. హన్మయ్య రెండు గరిటెలు అన్నంలో పోసుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్లగానే నల్లాను గిన్నెలోని ముక్కల మధ్య ముంచేశాడు. బుసబుసా నురగ లేచింది. తీరిగ్గా తిని, చెయ్యి కడుక్కుని, నల్లా తీసి తోమితే లోపల అద్దంలా నునుపు.

కొత్త వాషర్ వేసి బిగించాడు. విశ్వనాథం చేతిగడియారం విప్పి, కుళాయి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. పది నిమిషాలు. ఇరవై. బొట్టు లేదు.

“ఏం మందు వేశావయ్యా?”

“అమ్మ జేసిన పులుసు సార్. మస్తుగున్నది. సగం నేను తిన్న, సగం నల్లా తిన్నది.”

సూర్యకళ ఆదరాబాదరా గిన్నెలో గరిటె తిప్పింది. సొరకాయ ముక్కతో పాటు పాత వాషర్ పైకొచ్చింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడింది.

విశ్వనాథం ఆ పూట మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాడు. సాయంత్రానికి నలభై ఇళ్లకూ కబురు పాకింది. మర్నాటి నుంచి హన్మయ్య ఏ గుమ్మంలో సంచి దించినా ఎదురొచ్చే ప్రశ్న ఒక్కటే:

“సొరకాయా, బెండకాయా?”