పెరటి కుళాయి

మా క్లినిక్ పెరట్లో కుళాయి దగ్గర ఎప్పుడూ గంధపు సబ్బే పెట్టిస్తాను. మొన్న పొద్దున కొత్త సబ్బు కాగితం విప్పగానే ఆ వాసనకు డాక్టర్ సుభద్రగారు గుర్తొచ్చి, పని మరచి అక్కడే కాసేపు నిలబడిపోయాను. చర్మవ్యాధుల గురించి పుస్తకాల్లో చాలానే చదువుకున్నాను గానీ, మనిషిని చూడటం మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

తొంభైల మొదట్లో ఆవిడ దగ్గర జూనియర్ డాక్టరుగా చేరాను. ఫిల్మ్‌నగర్‌లో అప్పటికి ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. జూబ్లీహిల్స్ నుంచి దిగే దారిలో ఒక పాత ఇంటి ముందు గదులే ఆవిడ క్లినిక్. మాది మోతీనగర్. బస్సు దిగి ఎండలో ఆ గుట్ట ఎక్కేసరికి నాకు లోకం మీదే కోపం వచ్చేది. షూటింగుల మధ్యలో నటులు మేకప్‌తోనే దిగిపోయేవారు. ఎంత పేరున్నవాళ్లయినా మేడమ్ మొదటి మాట ఒకటే, ముఖం కడుక్కుని రండని. అందుకోసం పెట్టించిన కుళాయి పెరటి చివర జామచెట్టు కింద ఉండేది. లోపల చక్కగా బేసిన్ ఉండగా జనాన్ని అంత దూరం నడిపించడమేమిటని నేను లోలోపల విసుక్కునేదాన్ని. ఒక హీరోయిన్ తల్లి అలిగి కారెక్కి వెళ్లిపోయింది కూడా. మేడమ్ నవ్వి ఊరుకున్నారు తప్ప అలవాటు మార్చుకోలేదు.

ఒకరోజు పానకాలరావుగారు వచ్చారు. తెనాలి నాటకాల నుంచి వచ్చిన నటుడు, నవ్వించే మామగారి వేషాలకు పెట్టింది పేరు. ఆయన బాధల్లా ముఖం మీద మేకప్ నిలవకపోవడం. లైట్లు వేసిన కాసేపటికే నుదురూ ముక్కు పక్కలూ నూనె రాసుకున్నట్టు మెరిసిపోయేవట. మేకప్‌మేన్ పౌడరు మీద పౌడరు అద్ది, రంగుల కంపెనీ మార్చి, ఆఖరికి ఆయన తినే వేపుళ్లను తిట్టిపోశాడట. అంతకన్నా విడ్డూరం ఇంకోటుంది. ఆయన ముఖంలో కదలిక తగ్గితే, పెద్దాయన ఎంత నిబ్బరంగా నటిస్తున్నారోనని యూనిట్ యూనిట్ అంతా మెచ్చుకుంది. ఒక దర్శకుడు భుజం కూడా తట్టాడట. జబ్బుకు చప్పట్లు కొట్టడం సినిమావాళ్లకే చెల్లింది. ఆ తర్వాత నవ్వించే వేషాలు ఒక్కొక్కటే వేరేవాళ్లకు వెళ్లిపోయాయి.

ఆయన కుళాయి వైపు వెళ్లగానే, తోడు వచ్చిన భార్య దుర్గమ్మగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"చర్మం సంగతి అటుంచండి డాక్టరుగారూ. ఆయనకి నామీద మనసు విరిగిపోయింది. నన్ను నవ్వించకుండా ముద్ద దిగేది కాదు ఆ మనిషికి. ఇప్పుడు నేనేం చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంటోంది."

ఆవిడ చెంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే మేడమ్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మనిషి అంత బాధపడుతుంటే ఈ పరధ్యానమేమిటని నాకు ఒళ్లు మండింది.

ఆయన తిరిగొచ్చాక మేడమ్ వేళ్లతో నుదురు తడిమి, కనుబొమల్లో పొట్టు చూశారు. కుళాయి దగ్గరి గంధపు సబ్బు వాసన ఎలా ఉందని అడిగితే, కొన్నాళ్లుగా తనకు ఏ వాసనా తెలియడం లేదన్నారాయన. చొక్కా గుండీ పెట్టుకోమంటే కుడిచేతి వేళ్లు తడబడ్డాయి. చివరికి నన్ను చూపించి, మా అమ్మాయి కోసం మీ మామగారి నవ్వు ఒక్కసారి నవ్వండి అని అడిగారు. ఆయన నవ్వారు. గొంతులో నవ్వు వినిపించింది గానీ ముఖం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

"లోపల నవ్వుతూనే ఉన్నానండీ, బయటికి రావట్లేదు" అన్నారు మెల్లగా.

దుర్గమ్మగారు చెంగు వదిలేసి, ఆయన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశారు.

మేడమ్ జబ్బు పేరు ఎత్తలేదు. ఇది నరాల డాక్టరు చూసి తేల్చాల్సిన సంగతని నచ్చజెప్పి, తనకు తెలిసిన ఒక మంచి డాక్టరు దగ్గరికి పంపారు. వాళ్లు వెళ్లాక, నువ్వేం చూశావని నన్నడిగారు.

"నాకైతే జిడ్డు తప్ప ఏం కనిపిస్తలేదు మేడమ్" అన్నాను.

"జిడ్డొక్కటే అయితే మందు రాసి పంపేదాన్నమ్మా. కుళాయి దాకా వెళ్లొచ్చేటప్పుడు ఆయన కుడిచెయ్యి ఊగలేదు."

ఆ కుళాయి అంత దూరంలో ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ పరధ్యానం అనుకున్నది ఆవిడ పని. ఆవిడ మీద నాకున్న గౌరవం ఆ రోజుతో భక్తి అయిపోయింది.

నరాల డాక్టరు పరీక్షించి పార్కిన్సన్స్ అన్నారు. కదలని ముఖం, ఊగని చెయ్యి, తెలియని వాసన, ఆఖరికి ఆ జిడ్డు కూడా ఆ జబ్బు ఆనవాళ్లేనట. వణుకు ఇంకా మొదలు కాకపోవడంతో ఇంట్లోగానీ సెట్‌లోగానీ ఎవరికీ అనుమానం రాలేదు. మందులతో నడక తేలికపడింది, ముఖం కొంచెం కదిలింది. వేషాలు మాత్రం తిరిగి రాలేదు. కొన్నాళ్ల తర్వాత దంపతులిద్దరూ మేడమ్‌ను చూడటానికి వచ్చారు. దుర్గమ్మగారు ఏదో పెళ్లిలో జరిగిన గొడవ వర్ణించి చెబుతున్నారు, ఆయన అరచేతిలో తన చెయ్యి ఉంచి. ముఖం చూడటం మానేశాను, నవ్వొస్తే చెయ్యి నొక్కుతారు, నాకది చాలు అన్నారు.

చర్మం మీది నూనెలోనే ఈ జబ్బు ఆనవాళ్లు పట్టుకోవచ్చేమోనని ఇప్పుడు పరిశోధనలు చేస్తున్నారట. మేడమ్ ఉంటే ఎంత మురిసిపోయేవారో. అయినా పెరటి కుళాయిని మాత్రం తీయించేవారు కాదు. నేనూ తీయించలేదు. బోరబండ నుంచి వచ్చే ఒక పెద్దమ్మ, నల్లా గంత దూరం పెట్టినవేంది డాక్టరమ్మా అని వచ్చినప్పుడల్లా గొణుగుతుంది. నేను కిటికీ దగ్గర నిలబడి ఆమె చేతులు ఊగుతున్నాయో లేదో చూస్తుంటాను. ఇక ముఖంలో ఏ భావమూ లేని మనిషి ఎవరైనా నా ఎదుట కూర్చుంటే, రాయిలాంటి మనిషని అనుకోబోయి ఆగిపోతాను. బల్ల మీదుగా చెయ్యి చాపి వాళ్ల చెయ్యి పట్టుకుంటాను, నొక్కుతారేమోనని.