జీపు ఇరుసుకి రేకు మూత

మొన్న ఆదివారం మా అమ్మాయి కొడుకు విజయవాడ నుంచి తన జీపు వేసుకుని ముసునూరు వచ్చి, తోటలో పంపుషెడ్డు ముందు పాత గోనెపట్టా పరుచుకుని వెనక ఇరుసు కింద దూరాడు. వాడికి ఉద్యోగం కంప్యూటరు ముందు, సరదా మాత్రం కొండల్లోనూ బురదలోనూ బండి తోలడం. నీళ్ళలో దిగి వచ్చినప్పుడల్లా ఇరుసు లోపలి పళ్ళచక్రాలకి పోసే డిఫరెన్షియల్ ఆయిలు చూసుకుని మార్చుకోవాలట. పనిలో పనిగా ఇరుసు మధ్య గుండ్రటి భాగానికి వెనక బిగించే మూత కూడా మారుస్తానని రెండు రకాలు తెచ్చాడు, ఒకటి నల్లగా బరువైన పోత ఇనుముది, ఇంకోటి చారలు చారలుగా మెరిసే అల్యూమినియంది. "అమ్మమ్మా, ఏది పెట్టమంటావ్?" అని చీరల కొట్లో అడిగినట్టు అడిగాడు. ఉన్న రేకు మూతకి ఏమొచ్చిందిరా అన్నాను. వాడు నవ్వేశాడు. ఆ మాట ఎందుకన్నానో నా ఈడువాళ్ళకైతే విడమరిచి చెప్పుకోవచ్చు కదా అనిపించి ఇది రాస్తున్నాను.

నేను కాపరానికి వచ్చేనాటికి మా వైపు తోటలు పూత మీదే అమ్మేసేవారు. మాఘమాసంలో పూత కంటబడగానే నూజివీడు వర్తకులు వచ్చి, చెట్ల మధ్య ఒక చుట్టు తిరిగి, మా మామగారితో బేరం తేల్చుకుని వెళ్ళేవారు. ఆ తర్వాత కాయ వాళ్ళది, కాపలా వాళ్ళది, ఈదురుగాలికి రాలిపోతే ఏడుపూ వాళ్ళదే. రైతుకి నిశ్చింత. మామగారు నిశ్చింత కోరుకునే మనిషి, మావారు కాదు. ఏడాది పొడుగునా దున్ని, మందులు కొట్టి, కంటికి రెప్పలా చూసుకున్న కాయ పరాయివాడి గంపల్లో పోతుంటే గట్టు మీద కూర్చుని చూడడం ఆయనకి గిట్టేది కాదు. మన కాయ మనమే కోసి మనమే మార్కెట్టుకి తోలుకుందామని పట్టుబట్టి, ఒక పాత జీపూ దాని వెనక తగిలించే ట్రైలరూ కొన్నారు. మామగారు వాదనకి దిగలేదు. ఆయన వాదించే రకం కాదు, షరతు పెట్టే రకం. "సరేరా అబ్బాయ్, ఈ ఏడు నీ ఇష్టం. తొలికోత కాయ చెట్టు కింద మాగిపోయిందా, ఇంకెప్పుడూ ఈ మాట నా దగ్గర ఎత్తకు" అన్నారు. మావారు మాట మీద నిలబడే మనిషి, ఎత్తవద్దంటే జన్మలో ఎత్తరు. ఇక బతికినన్నాళ్ళూ ఆ గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండాల్సిందేనని నాకు భయం పట్టుకుంది.

ఎడ్లబండ్ల కాలం నుంచీ మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది. తొలికోతకి ముందురోజు బండిని మోటారు దగ్గరి నీళ్ళగుంటలోకి దింపి, పొద్దు వాలేదాకా అక్కడే నిలబెట్టి, ఆ తర్వాత కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేవారు. అందులో భక్తి ఎంతో పనీ అంతే ఉంది. ఎండలకి బీటలు తేలిన కొయ్యచక్రం నీళ్ళు తాగి ఉబ్బితే పైనున్న ఇనప పట్టా బిగుసుకుంటుంది. బండి స్థానంలో జీపు వచ్చింది కాబట్టి ఆ మర్యాద జీపుకీ జరగాలన్నారు అత్తగారు, అందరం అవునంటే అవునన్నాం. మావారు మిట్టమధ్యాహ్నం హనుమాన్ జంక్షన్ నుంచి తాళ్ళూ గంపలూ వేసుకొచ్చి, సామాను దించి, కాలిపోతున్న జీపుని అలాగే గుంటలోకి తోలారు. ఇరుసులు మునిగేదాకా నీళ్ళు. కొయ్యచక్రానికి చేసే మర్యాద ఇనప ఇరుసుకి చేటని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు తెల్లవారుతూనే కాయ కోయించి చెట్ల కింద వరిగడ్డి మీద పోయించాం. తీరా జీపు తీస్తే వెనక ఇరుసులోంచి ఒకటే మూలుగు. దానికి అడుగున ఆయిలు దించే బోల్టు లేదు, మూత విప్పాల్సిందే. విప్పితే నీళ్ళు కలిసిన ఆయిలు పాలెక్కువైన టీలా బేసినులోకి జారింది. వేడి మీదున్న ఇరుసు చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుపోయి, పైనుండే గాలి రంధ్రంలోంచి నీళ్ళు లాక్కుంటుందని ఆ తర్వాత తెలిసింది. అదృష్టం బాగుండి పళ్ళచక్రాలకి ఏమీ కాలేదు గానీ, మూత మాత్రం తుప్పుపట్టి ఉండి, విప్పుతుంటే ఒకచోట చిల్లిపడింది. పంపుషెడ్డు నీడలో మంచం వేసుకున్న మామగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. అనకుండా అనడంలో ఆయన్ని మించినవారు లేరు.

మావారి మేనత్త కొడుకు హనుమాన్ జంక్షన్లో జీపు సామాన్ల కొట్టు నడిపేవాడు. మావారు బస్సెక్కుతుంటే ఇంట్లో మనసు నిలవక నేనూ వెంట వెళ్ళాను. అతను రెండు మూతలు తెచ్చి బల్ల మీద పెట్టాడు, పల్చటి రేకుది ఒకటి, పాత మిలిటరీ బండి నుంచి ఊడదీసిన పోత ఇనుముది ఒకటి. "మీ తోట నిండా మొద్దులే కదా బావా, ఈ పోతది పెట్టుకో. నీ మనవడి కాలం దాకా ఉంటది" అన్నాడు. నాకూ అదే నచ్చింది, అడిగితే చెప్పేదాన్ని, అడగలేదు. మావారు రెండూ తిప్పి తిప్పి చూసి రేకుది తీసుకున్నారు. "పోతది పగిలితే మళ్ళీ నీ కొట్టుకి రావాలి బావా. రేకుది సొట్టపోతే తోటలోనే సుత్తితో తీసుకుంటా" అన్నారు. "చూశావా చెల్లెమ్మా, మా బావ సొట్ట కోసం ముందే సిద్ధమయ్యాడు" అని అతను నన్ను ఆటపట్టించాడు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి ఇరుసు లోపలంతా కిరసనాయిలుతో కడిగి, నా పట్టుచీర పెట్టె అట్టని ఇరుసు మూత అంచు మీద పెట్టి చిన్న సుత్తితో తట్టుకుంటూ, ఆయిలు కారకుండా మధ్యలో వేసే ప్యాకింగ్ కత్తిరించారు. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలని, ఆయిలు పోసే రంధ్రం అంచు దాటి కారేదాకా పోయాలని ఆ రోజే చూశాను. కాసేపు తోలి, లోపల మిగిలిన తడి కోసం ఆ ఆయిలూ దించేసి మళ్ళీ కొత్తది పోశారు. ఆ గేర్ ఆయిలు కంపు ఎన్ని కుంకుడుకాయలు కొట్టినా వారం దాకా వదల్లేదు. సాయంత్రానికి మొదటి లోడు వెళ్ళింది.

మర్నాడు ఆఖరి లోడుకి, ట్రైలరు తగిలించడానికి వెనక్కి తోలుతుంటే జీపు వెళ్ళి మామిడి మొద్దుకి గుద్దుకుంది. మూత లోపలికి నొక్కుకుపోయి పళ్ళచక్రానికి ఒరుసుకుంటున్న చప్పుడు. ట్రైలరులో కాయ అప్పటికే రంగు తిరుగుతోంది, మబ్బూ పడుతోంది. మావారు కంగారు పడకుండా కడిగిన బేసినులోకి ఆయిలు దించి, మూతని గట్టు రాయి మీద బోర్లించి కొట్టడం మొదలుపెట్టారు. ఈసారి ప్యాకింగ్ నేను కత్తిరించాను. ఆయిలులో నలుసులు పడ్డాయి, వడకట్టడానికి గుడ్డ కోసం అటూ ఇటూ చూస్తున్నాను. అప్పుడు మామగారు మంచం మీంచి లేచి వచ్చి, భుజం మీది తెల్లటి కండువా తీసి నా చేతికిచ్చి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. కాయ మాగకుండానే నూజివీడు కమీషన్ కొట్టుకి చేరింది.

మరుసటి మాఘమాసంలో వర్తకులు ఎప్పటిలాగే వచ్చారు. మామగారు వాళ్ళకి మజ్జిగ ఇప్పించి, "తోట సంగతి నన్నడక్కండి, అబ్బాయిని అడగండి" అన్నారు. ఆ మాట విన్న మావారు వెంటనే వాళ్ళ ముందుకి రాలేదు. మోటారు దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నాకు తెలిసి అదే మొదలు. నేను చూశానని ఆయనకి చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ మా కాయ మేమే తోలుకున్నాం.

మనవడు చివరికి మెరిసేదే బిగించాడు. బాగానే ఉంది, వాడి ముచ్చట వాడిది. మేము బురద తప్పించుకుని పోవాలని చూసేవాళ్ళం, వీళ్ళు బురద ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతారు. అందులో తప్పేమీ లేదు, పని లేని బండికీ ఏదో ఒక దారి ఉండాలి కదా. మావారు పోయిన తర్వాత తోట మళ్ళీ పూత మీదే ఇచ్చేస్తున్నాం. ఇప్పుడు వర్తకులు వచ్చి చెట్ల మధ్య తిరగడం కూడా లేదు, ఫోనులో ఫోటోలు చూసి బేరం తేల్చేస్తారు. కాయ నిశ్చింతగా వెళ్ళిపోతుంది. ఎండాకాలంలో విజయవాడ వెళ్ళినప్పుడు బజార్లో తోపుడుబండి మీద బంగినపల్లి కనిపిస్తే ఆగి ఒకటి చేతిలోకి తీసుకుంటాను. ఎక్కడి కాయ బాబూ అని అడుగుతాను. నూజివీడుదేనండీ అంటాడు, అందరికీ అలాగే చెప్తాడు. మా చెట్టుదో కాదో అతనికి తెలియదు, నాకూ తెలియదు.