దసరా నాడు చచ్చిన తాత

మా యారాలు ఏడు తరగతులు చదివింది. నేను రెండు. మా ఆయన తమ్మునికి చేసుకున్న పిల్ల అది, మంథని నుంచి వచ్చింది. పెట్టె నిండ చీరెలు తెస్తదనుకుంటే సగం పెట్టె పిల్లల బొమ్మల పుస్తకాలే. చీరెలు తేలేదని నాకు బాధ లేదు, మాది బట్ట నేసే సాలోళ్ల ఇల్లు, చీరెలకేం కరువు. ఆ పుస్తకాలతోనే వచ్చింది నాకు కష్టం.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ అయి ఐదారేండ్లు. మా మరిది కరీంనగర్ పోయినప్పుడల్లా పెండ్లానికొక పుస్తకం పట్టుకొచ్చేటోడు. దసరాకు, దీపావళికి లావు పుస్తకం వచ్చేది. పండుగ పుస్తకమంటే దేవుండ్ల బొమ్మలుంటయనుకున్న. ఏం లేవు. అన్నీ చచ్చుడు కథలే. ఒకడు పండుగకు మేకపోతును కోయబోతే అది కత్తి గుంజుకొని వాని ఎంబడి పడుతది. ఇంకొకడు దయ్యమై దీపావళి నాడు ఇల్లిల్లు తిరుగుతడు, నా సీసల నూనె ఎవరు వాడిండ్రు చెప్పుండ్రి అని. వాడు అడిగిందాంట్ల తప్పేముందో నాకు సమజు కాలే గని, పిల్లలు కింద పడి పొర్లేటోళ్లు.

ఆ యేటి దసరా పుస్తకంల ఒక తాత కథ ఉండె. నాకది మొత్తం తర్వాత తెలిసింది గని ముందే చెప్త. పండుగ పొద్దుగాల తాత మంచంల కూసోని గారెలడుగుతడు. "పూజ కానియ్యి మామా, అప్పుడే ఏం తొందర" అంటది కోడలు. పూజ అయ్యేలోపల తాత పానం పోతది. చచ్చిండని బయట చెప్తే ఇంటికి చావు ముట్టుడు, పండుగ బందు, వండినవన్నీ పారబొయ్యాలె. అందుకని తాతను గోడకు ఆనిచ్చి కూసోబెట్టి, తలకు రుమాలు చుట్టి, ముంగట గారెల పళ్లెం పెడుతరు. ఊరోళ్లు వచ్చి జమ్మి ఆకు తాత చేతుల పెట్టి, కాళ్లు మొక్కి, "తాత ఇయ్యాల ఎవల్నీ తిడుతలేడు, మంచిగున్నడు" అనుకుంట పోతరు. అందరు తిని చెయ్యి కడిగినంక కోడలు గొల్లుమంటది. ఆఖరుకు పాడె లేస్తది.

ఆ కోడలును నేనైతే ఏమనలేను. అన్ని గారెలు ఎట్ల పారబోస్తరు?

ఆ దసరా నాడు నేను పొయ్యి కాడ ఉన్న. నూనె సప్పుడుల నాకు కథ వినరాలే, నవ్వులే వినవచ్చినయి. తొంగి చూస్తే వాడకట్టు పిల్లలంత మా యారాలు చుట్టు, నా బిడ్డ తల దాని తొడ మీద. ఆ తలకు పొద్దున నూనె పెట్టింది నేను, జడ ఏసింది నేను, దాన్ని కన్న అవ్వను నేను.

"బిందెడు నీళ్లు తే పోవే" అన్న.

"ఉండు అవ్వా, చిన్నవ్వ ఇప్పుడే తాతను చంపుతున్నది."

నీళ్లు నేనే తెచ్చుకున్న.

దసరా అయినంక యారాలు తల్లిగారింటికి పోయింది. పుస్తకం గూట్లె పెట్టి, "పైలం అక్కా, చింపుతరు, దీపావళికి వస్త" అన్నది. అది బస్సెక్కిందో లేదో నా చేతులు పుస్తకం దిక్కు గుంజినయి. కారం పొట్లాలకు మంచి కాయితం. చింపుదామని తీసిన. మళ్ల అనుకున్న, అదొక్కతే చదువుతదా, నేను చదువలేనా?

మధ్యాహ్నం పిల్లలను పిలిచిన. నా బిడ్డ నా దిక్కు చూసి "నీకు చదువొస్తదా అవ్వా?" అన్నది. ఆ మాట ఇప్పటికి గుర్తే.

నిజాం కాలంల మా బడి ఉర్దూ బడి. పుస్తకం కుడి దిక్కు నుంచి చదువుడే నేర్పిండ్రు, తెలుగు పుస్తకానికి ఎనుక అట్ట అయ్యేది ఉర్దూ పుస్తకానికి ముందట అట్ట. తెలుగు అక్షరాలు మా బాపు ఇంట్ల పలక మీద దిద్దిపిచ్చిండు గని, తెలుగు పుస్తకం ఎన్నడు నా చేతికి రాలే. అట్లనే తెరిచిన. పేజీకి పక్కపక్కన రెండు బొమ్మలు. కుడి బొమ్మ ముందు, ఎడమ బొమ్మ తర్వాత, కూడబలుక్కుంట చదివిన.

పాడె ఇంటికొచ్చింది. కోడలు గొల్లుమన్నది, అయినంక అందరు తినకూసున్నరు. ఊరోళ్లు వచ్చి కాళ్లు మొక్కిండ్రు. తాత రుమాలు పోయింది, కండ్లు తెరిచిండు, మంచంల కూసోని గారెలడిగిండు. పిల్లలు ముందుగాల ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. తర్వాత పొట్టలు పట్టుకొని పొర్లిండ్రు. మంచిగ చదువుతున్నననుకున్న. ఆఖరు బొమ్మల "అప్పుడే ఏం తొందర" అని కోడలు అన్నదాన్ని చదివి ఆగిన. పండుగ నాడు ముసలాయన్ను ఆకలితోని ఇడిచిపెట్టబుద్ధి కాలే. పుస్తకం మూసి నా దిక్కు నుంచి కలిపిన: "చచ్చి లేచి వచ్చినవు, పూజ తర్వాత చూస్కుందాం, నువ్వు తిను మామా అని కోడలు వేడి వేడి గారెలు పెట్టింది."

నా బిడ్డ జరిగొచ్చి నా తొడ మీద తల పెట్టింది. "మళ్ల చదువు అవ్వా" అన్నది. దీపావళి దాకా రోజు చదివిన. యారాలు ఇంకో నెల ఆడనే ఉంటే బాగుండు అనుకున్న.

దీపావళి పొద్దుగాల దిగింది. సంచి కింద పెట్టకముందే పిల్లలు ఎగబడ్డరు. "చిన్నవ్వా, అవ్వ చదివితే చచ్చినోళ్లు లేస్తరు!"

"ఎట్ల చదివినవక్కా?" అన్నది. చూపిచ్చిన. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. "అక్కా, ఎనుక నుంచి చదివినవు."

నా మొఖం మాడిపోయింది. అది ఎక్కిరిస్తే నేను రెండు మాటలు అనేదాన్ని. ఎక్కిరియ్యలే. "నాకెందుకు తోచలే గీ సంగతి!" అని ఆడనే కూసోని, అదే కథ ఎనుక నుంచి చదువబట్టింది. తాత దగ్గు దగ్గింది, కోడలు ఏడుపు ఏడ్చింది. నేను ఇరవై రోజులు పడ్డ కష్టం అది ఒక్క గడియల గుంజుకున్నది. నవ్వులకు ఇల్లు ఎగిరిపోతున్నది. నేను పోయి గారెల పొయ్యి ముంగట కూసున్న.

జరసేపటికి నా బిడ్డ ఒక్కతే వచ్చింది.

"పో, మీ చిన్నవ్వ చదువుతున్నది గదా."

"అయిపోయిందట. తాత గారెలడిగిండు, చిన్నవ్వ పుస్తకం మూసింది. పెట్టలే అవ్వా."

"అది పుస్తకంల లేదు బిడ్డా."

"అయితే తాత ఆకలితోనే ఉండుడా?"

దేవునికి పెట్టకముందు మా ఇంట్ల ఎవలు ఎంగిలి చెయ్యరు. పసిపిల్లలను సుత నేను ముట్టనియ్యలే ఎన్నడు. ఆ పొద్దు మాత్రం మొదటి వాయిల నుంచి ఒక గారె తీసి, ఊది, బిడ్డ చేతుల పెట్టిన.

"పోయి మీ చిన్నవ్వ ముంగట కూసోని తిను" అన్న. "మెల్లగ తిను."