బావకు పెట్టని కొర్రమీను

ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది, మా బావ పోయాడని. నా భార్యకు అన్న. మగ్గం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. నా భార్య ఏడ్చింది. నాకు మాత్రం ముందు ఆయన గాలమే గుర్తొచ్చింది. దాని మీద నా కోపం ఇంకా తగ్గలేదు. ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

మగ్గానికి సెలవు దొరికితే చాలు, స్నేహితులను వెంటేసుకుని సోమందేపల్లి పక్కన మా ఊరి చెరువుకు వచ్చేవాడు. చిన్న చెరువు. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీళ్ల పైన తిరుగుతాయి. తల్లీ తండ్రీ కిందనే కాపలా కాస్తాయి. బావ సరిగ్గా ఆ ఎర్ర గుంపులోకే గాలానికి కట్టిన రబ్బరు కప్పను విసిరేవాడు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని పెద్దది లేచి కరిచేది. అంతే, గాలానికి చిక్కేది.

"ఆకలికి గాదబ్బా, కోపానికి పడతాది ఈ చేప. అచ్చం నీ మాదిరే!" అని నవ్వేవాడు.

"మరి పిల్లలేం గావాల బావా?"

"చెరువు సాకుతాదిలే."

సాకలేదు. కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు మింగేసేవి. తినడానికైతే ఒకటి చాలదా? వీళ్లు పట్టింది ఫోటోల కోసం. ఏటేటా ఎర్ర గుంపులు తగ్గిపోయాయి. నేను ఆయనతో మాట్లాడడం మానేశాను.

ఆయన మాత్రం రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా ఉగ్గాని, బజ్జీల పొట్లం తెచ్చి నా పక్కన పెట్టేవాడు. "మాట్లాడొద్దులే బావా, తిను" అనేవాడు. నేను తినేవాణ్ణి.

దినాల ముందు రోజు ఆయన కొడుకు అదే గాలంతో వచ్చాడు. "మామా, నాయనకు కొర్రమీనంటే ప్రాణం. రేపు విస్తట్లో పెట్టాల. యాడుండాయో చూపీ."

చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ దగ్గర ఒక్క గుంపు కనబడింది. ఈ ఏడు నేను చూసింది అదొక్కటే. వాడు చెయ్యెత్తాడు. నేను రాయి తీసి నీళ్లలోకి విసిరాను. పెద్దది మునిగింది. పిల్లలు దాని వెనకే మాయమయ్యాయి.

"ఏం మామా! సచ్చిపోయినోని మింద గూడా కోపమేనా?"

"కోపమే."

మరునాడు విస్తట్లో ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. కాకి గోడ మీద కూర్చుంది గానీ దిగలేదు. "చేప లేదని అలిగినాడు" అన్నారెవరో. అందరూ నా వైపే చూశారు. నేను విస్తరి దగ్గర వంగాను.

"మాట్లాడొద్దులే బావా, తిను."

కాసేపటికి కాకి దిగింది. బజ్జీ ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.